ఊగితే చాలదు, బంతి తిరగాలి

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. శ్రీకాకుళం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. బడి అయ్యాక సాయంత్రాలు ఊళ్లో ఒక హాల్లో టేబుల్ టెన్నిస్ ఆడతాను. మొదలుపెట్టి మూడేళ్లయింది. ర్యాలీ పడితే బాగానే ఆడతాను గానీ సర్వీసు దగ్గరే తేలిపోతున్నాను. ఫోన్లో వీడియోలు చూసి పెండ్యులం, రివర్స్ పెండ్యులం, టోమహాక్, బ్యాక్‌హ్యాండ్ సర్వీసు, ఇలా ఆరు రకాలు నేర్చుకున్నాను. చెయ్యి అచ్చం వాళ్లలాగే తిరుగుతుంది. బంతి మాత్రం మామూలుగా వెళ్తుంది, అవతలివాళ్లు స్మాష్ కొట్టేస్తున్నారు. మా హాల్లో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు ఉన్నది ఒక్కటే, బంతి అడుగును కోసినట్టు రాసే కట్ సర్వీసు. నేను దాన్ని ముట్టుకుంటే చాలు, నెట్టులో పడుతుంది. మొన్న నా సర్వీసు చూసి ఆయన "ఏటి మాస్టారూ, ఊగడం మీరు ఊగుతున్నారు గానీ బంతి తిరగడం నేదు" అన్నారు. అందరూ నవ్వారు. పోయిన ఉద్యోగుల టోర్నమెంటులో అంపైరు నా సర్వీసులు రెండు ఫాల్ట్ అన్నాడు, ఎందుకో అర్థం కాలేదు, ఆ టెన్షన్‌లో గేమ్ పోయింది. సంక్రాంతి తర్వాత మళ్లీ టోర్నమెంటు ఉంది. బ్యాటుకు మంచి రబ్బరు కొంటే స్పిన్, అంటే బంతికి తిరుగుడు, వస్తుందా? ఒక్కడినే ఎలా ప్రాక్టీసు చేయాలి? ఆరో తరగతి చదివే మా అమ్మాయి కూడా నేర్చుకుంటానంటోంది, తనకు ఇప్పటినుంచే స్పిన్ నేర్పవచ్చా?

సమాధానం: మాస్టారూ, ఆ పెద్దాయన ఒక్క ముక్కలో రోగం చెప్పేశారు. మందు కూడా ఆయన దగ్గరే ఉంది, అడగడానికి మొహమాటపడకండి. ఈలోగా నాకు తోచింది నేను చెబుతాను.

మీరు లెక్కలు చెబుతారు కాబట్టి మీ భాషలోనే మొదలుపెడదాం. బంతికి ఇచ్చే దెబ్బ దాని కేంద్రం గుండా పోతే బంతి ముందుకు పోతుంది, తిరగదు. అదే దెబ్బ స్పర్శరేఖ వెంట పోతే బంతి తిరుగుతుంది, పెద్దగా ముందుకు పోదు. పదో తరగతిలో వృత్తాలు మీరే చెబుతారు కదా, స్పిన్ సర్వీసు అంటే ఆ బొమ్మే. మీ చెయ్యి ఎంత అందంగా తిరిగినా, బ్యాటు బంతి వెనక భాగానికి చదునుగా తగులుతోందంటే బలమంతా కేంద్రం గుండా పోయినట్టే. బంతి బరువు 2.7 గ్రాములు. దాన్ని నెట్టు దాటించడానికి బలమేమీ అక్కర్లేదు. శ్రీకాకుళంలో స్టేడియానికి మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి పేరు ఉంది గదా అని సర్వీసులో కూడా బలం చూపించనక్కర్లేదు. ఉన్న వేగమంతా బంతిని రాసుకుంటూ పోవడానికి ఖర్చు కావాలి. పచ్చి మామిడికాయకు తొక్క పల్చగా తీస్తాం చూడండి, కండ తెగకుండా, అంత పైపైన తగలాలి.

తగిలిందో లేదో చెవితో తెలుసుకోవచ్చు. చెక్కకు కొట్టినట్టు 'టక్' మని గట్టిగా వినిపించిందంటే బంతి రబ్బరులోంచి చెక్కదాకా దిగిందని. బాగా రాసుకున్న బంతికి చప్పుడు దాదాపు ఉండదు. హాల్లో నాలుగు టేబుళ్ల గోలలో ఇది వినిపించదు కాబట్టి మొదటి పాఠం హాల్లో వద్దు, ఇంట్లో కానివ్వండి.

ఇంట్లో టేబులు అక్కర్లేదు. నేల మీద జంపఖానా పరవండి. నున్నటి టైల్స్ మీద బంతి జారుతుంది, తిరుగుడు పట్టుకోదు, అందుకని జంపఖానా. దాని ముందు నిలబడి బంతిని పైకి ఎగరేసి, దిగేటప్పుడు బ్యాటును దాదాపు పడుకోబెట్టి, బంతి అడుగు భాగాన్ని ముందుకు రాసి వదిలేయండి. మీకు కావలసింది ఒక్కటే: బంతి ముందుకు వెళ్లి నేల మీద పడి, ఒక్క క్షణం తటపటాయించి, మళ్లీ మీ కాళ్ల దగ్గరికి రావాలి. మొదట్లో రాదు. సగం బంతులు బ్యాటు అంచుకు తగిలి మంచం కిందకు పోతాయి. కొన్ని బ్యాటుకే తగలవు. తగలని బంతులు ఎక్కువవుతుంటే సంతోషించండి, అంటే మీరు పల్చగా తగిలించే ప్రయత్నంలో ఉన్నారని అర్థం. భయపడి లోతుగా కొట్టేవాడికి ఒక్క బంతీ తప్పదు, ఒక్క బంతీ తిరగదు.

విజయనగరంలో మేం పిల్లలకు నేర్పేచోట బంతి మీద మార్కరు పెన్నుతో చుట్టూ ఒక గీత గీస్తాం. ఆ గీత గాల్లో కనబడుతూ ఉంటే బంతి తిరగడం లేదు, గీత చెరిగిపోయినట్టు మసకగా కనిపిస్తే తిరుగుతోంది. ఎంత చెప్పినా వినని పిల్లలు గీత మాయమవడం ఒక్కసారి చూస్తే ఇక వదలరు. మీరూ ఒక పాత బంతికి గీత గీయండి.

ఇప్పుడు పట్టు సంగతి. వీడియోల్లో చెయ్యి ఊపు కనబడుతుంది గానీ పట్టు కనబడదు, మీ ఆరు సర్వీసులూ చెడింది బహుశా అక్కడే. ర్యాలీలో పట్టుకున్నట్టే అయిదు వేళ్లతో హ్యాండిల్ బిగించి పట్టుకుంటే మణికట్టు కదలదు. మొత్తం చెయ్యి భుజం నుంచి ఊగుతుంది, పెద్దాయనకు కనబడింది ఆ ఊపే. సర్వీసుకు ముందు బ్యాటును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, మిగతా మూడు వేళ్లూ హ్యాండిల్ మీద నుంచి వదిలేయండి. అవి అరచేతివైపు ముడుచుకుని ఉంటాయి, బిగుసుకోవు. అలా పట్టుకుని మణికట్టును అటూ ఇటూ ఆడించి చూడండి, ఇంతకుముందు కంటే రెట్టింపు తిరుగుతుంది. సర్వీసు చేసిన మరుక్షణం మామూలు పట్టుకు వచ్చేయాలి. అదొక్కటే ఇందులో ఉన్న చిక్కు, కొన్నాళ్లకు అదే అలవాటవుతుంది.

బ్యాటులో ఎక్కడ తగలాలి? హ్యాండిల్‌కు దూరంగా, కొస దగ్గర. బ్యాటు తిరిగేటప్పుడు కొస దగ్గర వేగం ఎక్కువ, హ్యాండిల్ దగ్గర తక్కువ, ఇది మీకు నేను వివరించనక్కర్లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితోనే ఒక మోసం చేస్తాం.

బంతి ఎంత ఎత్తులో ఉన్నప్పుడు తగిలించాలన్నది చాలామంది పట్టించుకోరు. ఛాతీ ఎత్తులో కొడితే బంతి అంత ఎత్తు నుంచి టేబులు మీద పడి, అంతకు తగ్గట్టు లేస్తుంది. ఎంత స్పిన్ ఉన్నా ఎత్తుగా లేచిన బంతిని చితక్కొడతారు. నెట్టు ఎత్తు 15.25 సెంటీమీటర్లు. బంతిని దాదాపు ఆ ఎత్తుకు దిగనిచ్చి తగిలించండి. మోకాళ్లు కాస్త వంచాలి, లేకపోతే అంత కిందకు చెయ్యి రాదు. మన వయసులో ఆ వంగడానికే బద్ధకం. పొట్టి సర్వీసు కావాలంటే మొదటి తాకు మీ వైపు సగంలో నడిమి చోటుకూ నెట్టుకూ మధ్యలో పడాలి. టేబులు అంచు దగ్గర పడితే బంతి పొడుగ్గా పోతుంది.

పొట్టిదా పొడుగుదా అని ఎలా తెలుస్తుంది? ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే బంతి అవతలి వైపు రెండుసార్లు పడాలి. రెండోది టేబులు అంచుకు దగ్గరగా పడితే ఇంకా మంచిది, కొట్టాలో నెట్టాలో అవతలివాడికి తేలదు. ఒక్కసారి పడి బయటకు పోయిందంటే అది పొడుగు సర్వీసు, మంచి ఆటగాడు దాన్ని టాప్ స్పిన్‌తో, అంటే బంతి ముందుకు తిరిగేలా, లాగేస్తాడు. ఒక్కడే ప్రాక్టీసు చేసేవాడికి ఇదే పెద్ద సౌకర్యం, అవతల మనిషి లేకపోయినా బంతే ఫలితం చెబుతుంది. అవతలి సగంలో మధ్యలో ఒక పాత రిజిస్టరు అట్ట పెట్టండి. మొదటి తాకు దాని మీద పడాలి. దాని మీద పడుతూ కూడా బంతి తిరిగి నెట్టు వైపు మళ్లుతోందంటే మీ పని అయినట్టే.

ఇక్కడ ఒక మాట. బంతి అవతల పడి వెనక్కి నెట్టు దాటి ఇవతలికే వచ్చేసే సర్వీసు వీడియోల్లో బాగా కనబడుతుంది, 2008 ఒలింపిక్స్ సింగిల్స్ గెలిచిన చైనా ఆటగాడు మా లిన్ పేరుతో అది ప్రసిద్ధం. దాన్ని స్పిన్ చూసుకోవడానికి అభ్యాసంగా వాడండి, మ్యాచ్‌లో దాని వెంట పడకండి. అది వెనక్కి రావాలంటే బంతి కొంచెం పైకి లేవాలి, నెమ్మదిగా పోవాలి. మన స్థాయిలో తిరుగుడు పది పైసలు తగ్గినా ఫరవాలేదు, బంతి నెట్టును రాసుకున్నంత కిందుగా పోవడం ముఖ్యం.

ఇప్పుడు మీ ఆరు సర్వీసుల విషయం. ఆట 11 పాయింట్లకు. ఇద్దరూ రెండేసి సర్వీసులు మార్చుకుంటారు, 10-10 అయితే ఒక్కొక్కటి. గేమ్ 11-9తో ముగిసిందనుకోండి, మొత్తం 20 పాయింట్లు, మీ వంతుకు వచ్చేవి పది సర్వీసులు. పదింటిని ఆరు రకాలకు పంచితే ఒక్కోదానికి రెండు కూడా రావు. దేనిమీదా చెయ్యి కుదరదు, ఏది అవతలివాడికి కష్టంగా ఉందో తెలుసుకునే వ్యవధీ ఉండదు. పాత రోజుల్లో 21 పాయింట్లు, అయిదేసి సర్వీసులు ఉండేవి. 2001లో మారింది. అంతకు ముందు ఏడాది బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది, 2014 నుంచి ప్లాస్టిక్ బంతి వచ్చింది. పెద్ద బంతి, ప్లాస్టిక్ బంతి రెండూ తిరుగుడును తగ్గించాయి. మీ పెద్దాయన చిన్న బంతితో, అయిదు సర్వీసుల కాలంలో చెయ్యి తిప్పుకుని ఉంటారు. ఇన్ని మారినా ఆయన ఒక్క సర్వీసు ఇంకా పనిచేస్తోందంటే రకాల వల్ల కాదు.

కాబట్టి సంక్రాంతి దాకా మీకు ఒక్క సర్వీసు. కట్ సర్వీసు, అంటే బంతి వెనక్కి తిరిగే బ్యాక్ స్పిన్. దానికి ఒక కవల పిల్ల ఉంది, స్పిన్ లేని సర్వీసు. ఈ రెండూ ఒకే ఊపుతో రావాలి. ఇందాక చెప్పిన మోసం ఇదే. ఊపు అదే, వంగడం అదే, మొహంలో కష్టం అదే. తగిలే చోటు మాత్రం కొస నుంచి హ్యాండిల్ వైపుకు, వేగం తక్కువగా ఉండేచోటుకు జరపండి, రాయకుండా మెత్తగా నెట్టండి. బంతి తగిలిన తర్వాత బ్యాటును గట్టిగా కిందకు కోసినట్టు లాగండి, అదంతా నాటకం. అవతలివాడు కట్ అనుకుని బ్యాటు వెనక్కి వాల్చి నెడతాడు, స్పిన్ లేని బంతి గాల్లోకి తేలుతుంది, మీరు కొట్టుకోవచ్చు. రెండు గట్టి కట్‌లు నెట్టులో వేసినవాడికి మూడోది తేలిపోయేసరికి ఎక్కడలేని అనుమానం మొదలవుతుంది. అక్కడి నుంచి మీ మామూలు సర్వీసుకు కూడా అతని చెయ్యి వణుకుతుంది.

అయితే ఈ కవలల్లో రెండోది పనిచేయాలంటే మొదటిది నిజంగా తిరగాలి. అవతలివాడు ఒక్కసారైనా నెట్టులో వేయకపోతే, స్పిన్ లేని బంతికి భయపడే కారణమే ఉండదు. మీ ప్రస్తుత పరిస్థితి అదే. మీరు వేసేవన్నీ స్పిన్ లేని సర్వీసులే, కాకపోతే అందరికీ ఆ సంగతి తెలుసు.

సర్వీసుతో నేరుగా పాయింటు కొట్టాలన్న ఆశ కూడా తగ్గించుకోండి. అవతలివాడి నుంచి మీకు కావలసిన బంతి రప్పించడం సర్వీసు పని. పొట్టి కట్ వేస్తే చాలామంది పుష్ చేస్తారు, అంటే బ్యాటు వెనక్కి వాల్చి నెడతారు, అది పొడుగ్గా మీ వైపు వస్తుంది. దాన్ని టాప్ స్పిన్‌తో లాగడానికి మీరు సిద్ధంగా ఉండాలి. సర్వీసు వేసి దాని అందం చూస్తూ నిలబడిపోయేవాళ్లను రోజూ చూస్తాను. సర్వీసు అయిన వెంటనే అర అడుగు వెనక్కి వచ్చి, బ్యాటు పైకి తెచ్చి, మూడో బంతికి, అంటే మీ సర్వీసు, వాళ్ల జవాబు తర్వాత మీరు కొట్టే బంతికి, ఎదురుచూడాలి. వారంలో ఒకటి రెండు రోజులు ఎవరినైనా బతిమాలుకుని, వాళ్లు పుష్ చేయడం, మీరు లాగడం, అక్కడితో ఆపేసి మళ్లీ సర్వీసు, ఇలా ఆడండి. ఆ పెద్దాయన ఒప్పుకుంటే అంతకంటే ఏం కావాలి.

అంపైరు సంగతికి వద్దాం. ఏం తప్పు చేశారో మీరు రాయలేదు. క్లబ్బుల్లో నేర్చుకున్నవాళ్లు చేసే తప్పులు ఇంచుమించు ఒకటే. బంతిని వేళ్లతో పట్టుకుని ఎగరేయడం ఒకటి. బంతి తెరిచిన అరచేతిలో ఊరికే కూర్చుని ఉండాలి, ఆ చెయ్యి కదలకుండా ఉండాలి. రెండోది, బంతిని ఎగరేయకుండా చేతిలోంచి నేరుగా బ్యాటు మీదకు జారవిడవడం. బంతి అరచేతిని వదిలాక కనీసం 16 సెంటీమీటర్లు దాదాపు నిట్టనిలువుగా లేచి, దిగేటప్పుడే తగలాలి. మన హాళ్లలో సగంమంది ఎగరేసేది అందులో సగం కూడా ఉండదు. ఎగరేసేటప్పుడు వేళ్లతో తిప్పకూడదు. సర్వీసు మొదలైనప్పటి నుంచి తగిలేదాకా బంతి టేబులు ఉపరితలం కంటే పైన, మీ వైపు అంచు గీత వెనకే ఉండాలి, టేబులు మీదకు చెయ్యి చాచి వేయకూడదు. బంతి ఎగరేసిన చెయ్యిని వెంటనే అడ్డు తీసేయాలి, ఎందుకంటే బ్యాటు బంతికి తగిలేచోటు అవతలివాడికి కనబడాలి. పూర్వం భుజం అడ్డుపెట్టి వేసేవాళ్లు, 2002లో ఆ నియమం బిగించారు. పాత వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి. అంపైరుకు అనుమానం మాత్రమే ఉంటే మొదటిసారి లెట్ ఇచ్చి, అంటే పాయింటు లెక్కించకుండా, హెచ్చరించవచ్చు. తప్పు స్పష్టంగా కనిపిస్తే హెచ్చరిక ఉండదు, పాయింటు పోతుంది. మీ విషయంలో నేరుగా ఫాల్ట్ అన్నాడంటే టాస్, అంటే బంతి ఎగరేసే ఎత్తు, చూడగానే తెలిసేంత తక్కువగా ఉందేమోనని నా అనుమానం.

దీనికి విడిగా ప్రాక్టీసు ఏమీ వద్దు. ఫోన్ను టేబులు పక్కన కుర్చీ మీద నిలబెట్టి స్లో మోషన్‌లో తీయండి. బంతి ఎత్తుకు నెట్టే కొలత. అరచేతి నుంచి నెట్టు ఎత్తు కంటే కాస్త ఎక్కువ లేస్తే మీరు నియమంలో ఉన్నట్టే. అదే వీడియోలో బంతి ఏ ఎత్తులో, బ్యాటులో ఎక్కడ తగిలిందో కూడా కనబడుతుంది. పరాయివాళ్ల వీడియోలు వంద చూసేకంటే మీది ఒక్కటి చూసుకుంటే ఎక్కువ తెలుస్తుంది, కాస్త బాధగా ఉంటుంది అంతే.

రబ్బరు. మీరు వాడేది దుకాణంలో కవరుతో వచ్చే రెడీమేడ్ బ్యాటు అయితే, అవును, మార్చాలి. పరీక్ష సులువు: శుభ్రమైన బంతిని రబ్బరు మీద పెట్టి వేలితో నొక్కుతూ పక్కకు లాగండి. జారిపోతే ఆ రబ్బరుతో ఎవరూ స్పిన్ తేలేరు. పట్టుకుని రబ్బరును కూడా కొంచెం లాగుతుంటే తప్పు రబ్బరుది కాదు. విశాఖ వెళ్లి కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా ఖరీదైనది వద్దు, కొద్దిగా జిగురుగా ఉండే మామూలు రబ్బరు చాలు. రబ్బరు అడుగున ఉండే స్పాంజి పొర 1.8 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య తీసుకోండి. అంతకంటే మందమైనది వేగం పెంచి మీ పుష్‌లను పాడుచేస్తుంది. చెక్క మార్చవద్దు.

మన ప్రాంతంలో రబ్బరు కంటే పెద్ద శత్రువు చెమ్మ. సముద్రపు గాలి, చెమట, వానాకాలం సాయంత్రాలు. రబ్బరు మీద కంటికి కనబడనంత తేమ ఉన్నా బంతి జారుతుంది, నిన్న తిరిగింది ఇవాళ తిరగదు, మీరేమో చెయ్యి పోయిందని బెంగపడతారు. పొడి రుమాలు ఒకటి బ్యాటుకే కేటాయించండి. మ్యాచ్‌లో ఆరు పాయింట్లకోసారి తువ్వాలు వాడుకోనిస్తారు, అప్పుడు మొహం తర్వాత, ముందు రబ్బరు, బంతి తుడవండి. ఆట అయ్యాక విడి స్పాంజి ముక్క ఒకటి తడిపి, గట్టిగా పిండి, దానితో రబ్బరు మీది దుమ్ము తుడిచి, ఆరాక ప్లాస్టిక్ కాగితం అతికించి దాచండి. బండి డిక్కీలో ఎండలో వదిలేయకండి. హాల్లో టేబులు పైన ఫ్యాను తిరుగుతుంటే సర్వీసు ప్రాక్టీసు దండగ, బంతి గాలికి ఎటు పోతుందో మీ చేతి వల్ల ఎటు పోతుందో తెలియదు. అందరికంటే అరగంట ముందు వెళ్లి ఫ్యాను ఆపుకుని వేసుకోండి. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో ముప్పై నలభై చౌక బంతులు ఉంటే వంగి ఏరుకునే పని తగ్గుతుంది. అరగంట కంటే ఎక్కువ వద్దు. మణికట్టు అలసిపోయాక వేసేవన్నీ మళ్లీ భుజంతో ఊగడమే.

పెద్దాయన సర్వీసు ఎలా తీయాలో, అంటే తిరిగి ఎలా కొట్టాలో, మీరు అడగలేదు గానీ, అడగాలని ఉందని ఉత్తరంలో ప్రతి వాక్యం చెబుతోంది. ఆయన చెయ్యి చివర ఎటు పోయిందో చూడకండి, బ్యాటు బంతిని తాకే ఆ క్షణం చూడండి. బంతి మీద ముద్ర చదవగలిగేలా కనిపిస్తే స్పిన్ లేదు, మసకబారితే ఉంది. కట్ అయితే మీ వైపు పడ్డాక బంతి నెమ్మదిస్తుంది. బ్యాటు వెనక్కి వాల్చి, కుడికాలు టేబులు కిందకు పెట్టి దగ్గరగా వెళ్లి, బంతి లేస్తుండగానే దాని అడుగుకు తగిలించి ముందుకు నెట్టండి. మీరు బహుశా దూరంగా నిలబడి చెయ్యి మాత్రమే చాపుతున్నారు, బంతి దిగిపోయాక తాకుతున్నారు, అందుకే నెట్టులో పడుతోంది. ఎవరైనా సైడ్ స్పిన్, అంటే పక్కకు తిరిగే బంతి, వేస్తే ఒక్క లెక్క: అవతలివాడి బ్యాటు ఎటు నుంచి బయల్దేరిందో అటు వైపు గురిపెట్టి తీయండి, బంతి ఎటు తిరిగినా టేబులు మీదే పడుతుంది.

మీరు నేర్చుకున్న పెండ్యులం వృథా కాదు. కట్ నిజంగా తిరగడం మొదలయ్యాక, అదే చేతిని బంతి అడుగు నుంచి కొద్దిగా పక్కకు మళ్లిస్తే సైడ్ స్పిన్ కలిసిన కట్ వస్తుంది. టోర్నమెంటులోపు చేతికి వస్తే వేయండి. రివర్స్ పెండ్యులం, టోమహాక్ వేసవి సెలవుల్లో చూసుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఇప్పుడే కలుపుకోండి, అవతలివాడి బ్యాక్‌హ్యాండ్ మూలకు వేగంగా పోయే పొడుగు సర్వీసు. గేమ్‌కు ఒకటి రెండు చాలు. పొట్టి కట్ కోసం టేబులు మీద వాలిపోయి కాచుకున్నవాణ్ని వెనక్కి లేపడానికే అది.

మీ అమ్మాయికి ఇప్పుడే నేర్పండి. పదకొండు పన్నెండేళ్ల పిల్లల మణికట్టు మనకంటే వదులుగా ఉంటుంది, పైగా ఊరికే కొట్టే అలవాటు ఇంకా పడి ఉండదు. జంపఖానా ఆట తనకు ముందు ఇవ్వండి, బంతి ఎవరిది ఎక్కువ వెనక్కి వస్తుందో పందెం వేసుకోండి, బహుశా మీరే ఓడతారు. టాస్ మాత్రం మొదటి రోజు నుంచే అరచేయి తెరిచి, పైకి ఎగరేయడం నేర్పండి. పెద్దయ్యాక మార్చుకోవడం ఎంత కష్టమో మీకే తెలుసు. మన తెలుగమ్మాయి ఆకుల శ్రీజ, శరత్ కమల్‌తో కలిసి 2022 కామన్వెల్త్ క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. ఆమె మ్యాచ్‌లు తనకు పెట్టండి. ర్యాలీలు కాదు, ప్రతి పాయింటుకూ సర్వీసు వేసే చెయ్యి, దాని తర్వాత వచ్చే ఒక్క బంతి, అంతవరకే చూసి ఆపి, ఎందుకు అలా వచ్చిందో తననే చెప్పమనండి.

ఇంకొక్కటి, రబ్బరు మార్చాలనుకుంటే డిసెంబరు మొదటి వారంలోనే మార్చేయండి. టోర్నమెంటు ముందు వారంలో కొత్త రబ్బరు వేయించి, సర్వీసు పొడుగు కుదరక తంటాలు పడేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.